ఆయుర్వేద సందేహాలు: నా ప్రకృతి ఏదో తెలుసుకునేది ఎలా?

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ప్రకృతి నిర్ణయం గురించే అడిగాయి. ఆయుర్వేదం ప్రకారం శరీరాన్ని నడిపేవి వాతం, పిత్తం, కఫం అనే మూడు దోషాలు; పుట్టుకతో ఎవరిలో ఏది ప్రధానంగా ఉందో అదే వారి ప్రకృతి. వాటిలో నాలుగింటిని ఎంచుకుని, మిగిలినవారికి కూడా ఉపయోగపడేటట్టు జవాబు ఇస్తున్నాను.

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నేను ఉపాధ్యాయురాలిని, వయసు 41. నిరుడు వేసవిలో ఫోన్‌లో ఒక ప్రశ్నావళి నింపితే నాది పిత్త ప్రకృతి అని వచ్చింది. మొన్న సంక్రాంతి సెలవుల్లో అదే ప్రశ్నావళి మళ్ళీ నింపితే వాత ప్రకృతి అని వచ్చింది. రెండేళ్ళుగా నిద్ర సరిగా పట్టడం లేదు, మలబద్ధకం ఉంది, చర్మం పొడిబారుతోంది. ప్రకృతి ఇలా మారిపోతుందా? దేనిని నమ్మి ఆహారం మార్చుకోవాలి?
– పాఠకురాలు, గుంటూరు జిల్లా

జవాబు: ప్రకృతి అలా మారదమ్మా. శుక్ర శోణితాల (తండ్రి, తల్లి బీజాల) స్వభావం, గర్భాశయ స్థితి, అప్పటి కాలం, తల్లి తిన్న ఆహారం, ఆమె నడవడి, వీటన్నిటినిబట్టి గర్భంలోనే అది స్థిరపడుతుందని ప్రాచీన ఆయుర్వేద గ్రంథమైన చరక సంహిత (విమానస్థానం అనే భాగం, ఎనిమిదో అధ్యాయం) చెబుతుంది. విషంలో పుట్టిన పురుగు ఆ విషం వల్ల చావనట్టే, పుట్టుకతో వచ్చిన దోషం ఆ మనిషికి పెద్ద బాధ కలిగించదని మరో ప్రాచీన వైద్యుడు సుశ్రుతుడు తన సంహితలోని శారీరస్థానంలో పోల్చి చెప్పాడు.

మీరు రెండుసార్లూ నింపింది మీ ప్రకృతిని కాదు, ఆ రోజుల్లో ఉన్న మీ ఒంటి స్థితిని. గుంటూరు ఎండల్లో ఎవరిని అడిగినా దాహం ఎక్కువగా ఉందనీ, కళ్ళు మండుతున్నాయనీ, చిరాకుగా ఉందనీ చెబుతారు. సంక్రాంతి చలిలో అడిగితే పెదవులు పగులుతున్నాయనీ, కాళ్ళు చల్లబడుతున్నాయనీ అంటారు. దానికి తోడు రెండేళ్ళుగా మీకు నిద్ర లేదు, విరేచనం సాఫీగా లేదు. ఇవి వాతం పెరిగినప్పుడు ఎవరికైనా కనిపించే లక్షణాలు, అంటే వికృతి. పుట్టినప్పటినుంచి ఉన్నది ప్రకృతి, మధ్యలో వచ్చి చేరింది వికృతి. ఈ రెండింటినీ విడదీయడమే ప్రకృతి నిర్ణయంలో అసలు పని, ఫోన్ ప్రశ్నావళి చేయలేనిది కూడా అదే. ‘మీ చర్మం పొడిగా ఉంటుందా’ అని అది అడుగుతుంది కానీ ‘ఎప్పటినుంచి’ అని అడగదు.

మరి మీరుగా తెలుసుకోవాలంటే ఏం చేయాలి? ముందుగా మీరు పూర్తి ఆరోగ్యంగా ఉన్న కాలాన్ని ఒకదానిని గుర్తు తెచ్చుకోండి. చాలామంది ఆడవాళ్ళకు పెళ్ళికి ముందు, 18 నుంచి 23 ఏళ్ళ మధ్య కాలం ఇందుకు బాగా పనికివస్తుంది. అప్పుడు మీ ఆకలి ఎలా ఉండేది? అన్నం ఒక గంట ఆలస్యమైతే తల తిరిగి, ఇంట్లో అందరిమీదా విసుక్కునేవారా? ఒకరోజు రెండుసార్లు వడ్డించుకుని, మర్నాడు పళ్ళెం పక్కకు నెట్టేసేవారా? లేక పొద్దున ఏమీ తినకపోయినా మధ్యాహ్నందాకా పట్టించుకోకుండా పని చేసుకునేవారా? అగ్ని అంటే జీర్ణశక్తి: మొదటిది పిత్తానికి చెందిన తీక్ష్ణాగ్ని, రెండవది వాతానికి చెందిన విషమాగ్ని, మూడవది కఫానికి చెందిన మందాగ్ని. నా అనుభవంలో అన్ని లక్షణాలకన్నా ఆకలే ఎక్కువ నిజం చెబుతుంది, ఎందుకంటే ఒంటి రంగు గురించీ లావు గురించీ మనకు రకరకాల అభిప్రాయాలు ఉంటాయి కానీ ఆకలి గురించి ఎవరూ గొప్పలు చెప్పుకోరు.

ఆకలి తరువాత విరేచనాన్ని చూడాలి. గ్లాసు వేడి పాలు తాగితే చాలు కదిలే మృదు కోష్ఠం (కోష్ఠం అంటే పేగుల స్వభావం) పిత్తానిది, ప్రయాణం చేసినా వేళ తప్పినా బిగుసుకుపోయే క్రూర కోష్ఠం వాతానిది. ఆ పైన శరీరపు కట్టు చూడాలి. మణికట్టు దగ్గర ఎముకలు, నరాలు తేలి కనిపించేవా, కూర్చుని లేస్తే కీళ్ళు టకటకమనేవా, చిన్న వయసులోనే వెంట్రుకలు నెరిశాయా, పుట్టుమచ్చలు ఎక్కువా, కీళ్ళు నిండుగా దిటవుగా ఉండేవా అని ఒక్కొక్కటిగా గమనించాలి. వీటిని మీకన్నా మీ అమ్మగారు గానీ అక్కగారు గానీ బాగా చెప్పగలరు. ‘చిన్నప్పుడు నువ్వు నిద్రలో కలవరించేదానివి’, ‘నీకు చెమట వాసన ఎక్కువగా ఉండేది’ వంటి మాటలు ఏ ప్రశ్నావళికీ దొరకనివి. ఆ మాటలను ఒక పుస్తకంలో ఒక పక్కన రాసి, ఎదుటి పక్కన ఈ రెండేళ్ళలో వచ్చిన మార్పులను మాత్రమే రాసుకోండి. మొదటి పక్కన ఉన్నదే మీ ప్రకృతికి దగ్గరగా ఉంటుంది.

ఇక్కడ చరకుడి పద్ధతి గురించి ఒక మాట చెప్పాలి. ఆయన లక్షణాల జాబితా ఇచ్చి ఎక్కువ మార్కులు వచ్చినదాన్ని ఎంచుకోమనలేదు. ముందు దోషానికి ఉన్న గుణాలు చెప్పి, ఒక్కొక్క గుణం శరీరంలోనూ నడవడిలోనూ ఎలా బయటపడుతుందో చూపించాడు. వాతానికి రూక్ష గుణం, అంటే పొడిదనం, ఉంది కాబట్టి ఒళ్ళు పొడిగా, గొంతు బొంగురుగా, నిద్ర పలచగా ఉంటుంది. శీఘ్ర గుణం ఉంది కాబట్టి పని వెంటనే మొదలుపెడతారు, వెంటనే భయపడతారు, విన్నది వెంటనే పట్టుకుని త్వరగా మరచిపోతారు. పిత్తానికి ఉష్ణ గుణం ఉంది కాబట్టి వేడికి ఓర్వలేరు, ముడతలూ నెరుపూ బట్టతలా ముందే వస్తాయి. కఫానికి మంద గుణం ఉంది కాబట్టి నడక, మాట, తిండి అన్నీ నిదానంగా సాగుతాయి. ఈ తీరులో చూస్తే విడివిడి లక్షణాల వెనక ఉన్న గుణం పట్టుబడుతుంది. పొడి చర్మం ఒక్కటే ఉండి, నిద్ర గాఢంగానూ నడక నిదానంగానూ ఉన్నాయనుకోండి, అది వాత ప్రకృతి అనడానికి చాలదు.

ప్రకృతులు ఏడు: ఒక్కొక్క దోషం ప్రధానమైనవి మూడు, రెండేసి దోషాలు కలిసినవి మూడు, మూడూ సమంగా ఉన్నది ఒకటి. మనలో చాలామందిలో కలిసిన ప్రకృతే కనిపిస్తుంది. కాబట్టి మీకు వాత పిత్తాలు రెండూ తేలినా ఆశ్చర్యపోనక్కరలేదు.

ఆహారం మాటకు వస్తే, చికిత్స వికృతిని చూసి చేస్తారు, నిత్యం ఎలా బతకాలో ప్రకృతిని చూసి దిద్దుకుంటారు. ఇప్పుడు మీకు వాతం పెరిగినట్టు కనిపిస్తోంది కాబట్టి వేళకు వేడివేడిగా, నెయ్యి వేసుకుని భోజనం చేయండి. వారానికి రెండు మూడుసార్లు నువ్వుల నూనె రాసుకుని వేన్నీళ్ళ స్నానం చేయండి. అటుకుల మిక్చరు, మరమరాల వంటి ఎండు తిళ్ళు తగ్గించండి. అయితే అన్నిటికన్నా ముందు ఒక పని చేయాలి. పొడి చర్మం, మలబద్ధకం థైరాయిడ్ తగ్గినప్పుడు కూడా వస్తాయి. ఆ వయసులో ఉన్న స్త్రీ ఈ లక్షణాలు చెబితే నేను మొదట టి.ఎస్.హెచ్. (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, షుగర్ పరీక్షలు రాస్తాను. వ్యాధిని ప్రకృతి అనుకుని ఏళ్ళ తరబడి ఓర్చుకున్నవారిని చాలామందిని చూసి బాధపడ్డాను, దయచేసి మీరు ఆ పొరపాటు చేయకండి.

ప్రశ్న: మా ఊరికి వచ్చిన ఒకాయన నా చెయ్యి అర నిమిషం పట్టుకుని ‘నీది పిత్త శరీరం, జీవితాంతం వంకాయ, మామిడికాయ ముట్టకు’ అన్నాడు. నాడి చూసి ప్రకృతి చెప్పడం సాధ్యమేనా?
– పాఠకుడు, కరీంనగర్

జవాబు: చరక, సుశ్రుత సంహితలలో గానీ వాగ్భటుడి అష్టాంగ హృదయంలో గానీ ఇప్పుడు మనం అనుకునే నాడీ పరీక్ష లేదు. అది తరువాతి కాలపు శార్ఙ్గధర సంహితలో కనిపిస్తుంది. వాతనాడి పాములా జలగలా, పిత్తనాడి కాకిలా కప్పలా, కఫనాడి హంసలా పావురంలా నడుస్తుందనే పోలికలు అందులోనివే. మన తెలుగు నేల వైద్యులు తరతరాలుగా వాడుకున్న బసవరాజీయం కూడా నాడిని వివరంగా చెబుతుంది. నాడి తెలిసిన మంచి వైద్యులు ఉన్నారు, వారిమీద నాకు గౌరవం ఉంది. కానీ నాడి ప్రధానంగా చెప్పేది ఇప్పటి స్థితిని. అన్నం తిన్న వెంటనే, ఎండలో నడిచి వచ్చాక, జ్వరం ఉన్నప్పుడు అది మారుతుంది. అందుకే చరకుడు చెప్పిన దశవిధ పరీక్షలో ప్రకృతితోపాటు వికృతి, ధాతువుల (రక్తం, మాంసం వంటివాటి) సారం, శరీరపు కట్టు, కొలతలు, అలవాటైన ఆహారం, మనోబలం, తిని అరిగించుకునే శక్తి, శ్రమ చేసే శక్తి, వయసు అన్నీ కలిపి చూడమన్నాడు. ఇవి అర నిమిషంలో తేలేవి కావు. మీతో కనీసం ముప్పావు గంట మాట్లాడకుండా జీవితాంతం ఒక కూర మానేయమన్నవారి మాట మీరు పాటించనక్కరలేదు.

ప్రశ్న: మా అమ్మాయికి 16 ఏళ్ళు, ఇంటర్ మొదటి సంవత్సరం. ఎప్పుడూ నిద్ర, ఏ పనైనా నిదానం. ఎవరో చూసి ‘కఫ శరీరం, తామస మనస్తత్వం’ అన్నారు. అప్పటినుంచి ఇంట్లో అందరూ దాన్ని ఆ మాటే అంటున్నారు. దాని మనస్సును సాత్వికంగా మార్చే మందు ఏదైనా ఉందా?
– ఒక తల్లి, విశాఖపట్నం

జవాబు: అమ్మా, ముందుగా ఆ మాట ఇంట్లో ఎవరూ అనకుండా చూడండి. శరీర ప్రకృతి వేరు, మనః ప్రకృతి వేరు. కఫ శరీరం ఉన్నవారు తామసులు కావాలని ఏ గ్రంథమూ చెప్పలేదు. పైగా చరకుడు కఫ ప్రకృతి వర్ణనను ముగిస్తూ వీరు బలవంతులు, ధనవంతులు, విద్యావంతులు, ఓజస్వంతులు, శాంతస్వభావులు, దీర్ఘాయుష్మంతులు అవుతారని అన్నాడు. వాగ్భటుడైతే ఒక్కొక్క దోషంతో ఏర్పడే ప్రకృతులు మూడింటిలోనూ కఫానిదే ఉత్తమమైనదని చెప్పాడు. నిదానంగా నేర్చుకున్న పిల్ల నేర్చుకున్నదాన్ని గట్టిగా నిలుపుకుంటుంది. వాత ప్రకృతి గల స్నేహితురాలు ఒక్కసారి చదివి అప్పజెప్పిందని మీ అమ్మాయిని ఆమెతో పోల్చడం న్యాయం కాదు.

మనస్సు విషయానికి వస్తే, ఆయుర్వేదం రజస్సును (ఉద్రేకం), తమస్సును (మాంద్యం) మాత్రమే మనోదోషాలుగా లెక్కిస్తుంది, సత్త్వం (మనసు తేటదనం) దోషం కాదు. చరకుడు శారీరస్థానం నాలుగో అధ్యాయంలో మనస్తత్వాలను 16 రకాలుగా వర్ణించాడు. వాటిలో సాత్వికాలు ఏడు, రాజసాలు ఆరు, తామసాలు మూడు. ఆ మూడు తామసాలు పాశవం, మాత్స్యం, వానస్పత్యం. అంటే తిండి, నిద్ర తప్ప వేరే ధ్యాస లేక, బుద్ధి పూర్తిగా ముసుగుపడిన స్థితి. పొద్దున ఆలస్యంగా లేచే 16 ఏళ్ళ పిల్లకు ఆ పేరు పెట్టడం శాస్త్రాన్ని చదవకపోవడం వల్ల జరిగే తప్పు. ఎవరిలోనైనా మూడు గుణాలూ ఉంటాయి. కోపం వచ్చిన పూట రజస్సు పైకి వస్తుంది, అలసిన పూట తమస్సు వస్తుంది. నిజంగా చూడవలసింది కష్టం వచ్చినప్పుడు మనిషి ఎంత నిలబడతాడన్నది. ప్రవర, మధ్యమ, అవర అని మనోబలాన్ని మూడు మెట్లుగా విభజించింది దానికోసమే. అది ఇంట్లో జబ్బు చేసినప్పుడో, పరీక్ష తప్పినప్పుడో తెలుస్తుంది కానీ పొద్దున లేచే వేళనుబట్టి తెలియదు.

ఈ వయసు పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరం. మీ అమ్మాయి రాత్రి ఎన్ని గంటలకు పడుకుంటోందో, కాలేజీ బస్సుకు ఎన్నింటికి లేస్తోందో లెక్క చూడండి. మన ఇళ్ళలో ఆడపిల్లలకు రక్తహీనత ఎక్కువ కాబట్టి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. ఆ తరువాత కూడా మందగొడితనం ఉంటే రాత్రి భోజనం పెందలాడే ముగించడం, పగటి నిద్ర మానడం, సాయంత్రం చెమట పట్టేదాకా ఆడుకోనివ్వడం కఫానికి సరిపోయే మార్గాలు. మనస్సుకు చరకుడు చెప్పిన చికిత్స జ్ఞానం, విజ్ఞానం, ధైర్యం, స్మృతి, సమాధి (మనసును ఒకచోట నిలపడం). ఈ అయిదింటిలో మందుల దుకాణంలో దొరికేది ఒక్కటీ లేదు, ధైర్యం మాత్రం మీరు ఇవ్వగలరు.

ప్రశ్న: రక్త పరీక్షతోనో జన్యు పరీక్షతోనో ప్రకృతి కచ్చితంగా తెలుస్తుందంటున్నారు. డబ్బు పెట్టి చేయించుకోవచ్చా?
– పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఇప్పుడే వద్దు. ఈ దిశలో నిజమైన పరిశోధన జరుగుతోంది, అందులో మీ ఊరి సి.సి.ఎం.బి.కి (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) ముఖ్యమైన పాత్ర ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు మరికొన్ని సంస్థలతో కలిసి 2015లో ప్రచురించిన అధ్యయనంలో 3,416 మంది ఆరోగ్యవంతులైన పురుషులను పరిశీలించి, ప్రకృతి స్పష్టంగా తేలిన 262 మందిని జన్యు విశ్లేషణకు తీసుకున్నారు. మూడు ప్రకృతుల మధ్య తేడా చూపిన 52 జన్యు స్థానాలు కనిపించాయి. చక్కెరను శరీరం వాడుకోవడంలో పనిచేసే పి.జి.ఎం.1 అనే జన్యువుకు పిత్త ప్రకృతితో సంబంధం ఉన్నట్టు తేలింది. పిత్తానికీ అగ్నికీ ఉన్న సంబంధాన్ని చదువుకున్న నాలాంటివారికి అది ఎంతో సంతోషం కలిగించిన ఫలితం. అయినా వేల మందిలో వందల మందినే ఏరుకోవలసి వచ్చిందన్నది గుర్తుంచుకోండి. మిశ్రమ ప్రకృతి ఉన్న ఒక వ్యక్తి రక్తం తీసి ‘మీది ఇది’ అని చెప్పే దశకు ఆ పని ఇంకా చేరలేదు.

ఆయుష్ మంత్రిత్వ శాఖ 2024 నవంబరు 26న మొదలుపెట్టిన దేశవ్యాప్త ప్రకృతి పరీక్షా కార్యక్రమంలో కోటికి పైగా ప్రజలు పాల్గొన్నారు. మీరు కూడా పాల్గొని ఉంటే ఆ ఫలితాన్ని పారేయకండి, దాన్ని తొలి అంచనాగా ఉంచుకుని వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళండి. హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ, వరంగల్, విజయవాడలలోనూ ప్రభుత్వ ఆయుర్వేద కళాశాలలు ఉన్నాయి, తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానాల ఆయుర్వేద కళాశాల ఉంది. వాటి ఆసుపత్రులలో ఓ.పి.కి వెళ్ళి ప్రకృతి పరీక్ష కావాలని అడగండి. వెళ్ళేటప్పుడు పాత వైద్య పరీక్షల కాగితాలతోపాటు, వీలైతే మిమ్మల్ని చిన్నప్పటినుంచి ఎరిగిన పెద్దవారిని ఒకరిని వెంటబెట్టుకుని వెళ్ళండి.