రియాక్ట్ వస్తే చాలదా, హెచ్‌టీఎంఎల్-సీఎస్‌ఎస్ దండగేనా?

"ఎలాగూ ఉద్యోగంలో రియాక్టే వాడతారు కదా, హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్ మీద నెలలు పెట్టడం దండగ కాదా" అని ఒకరు అడిగారు. అస్సలు కాదండీ. హెచ్‌టీఎంఎల్ అంటే పేజీలో ఏముందో రాసే భాష, సీఎస్‌ఎస్ అంటే అది ఎలా కనిపించాలో చెప్పేది, రియాక్ట్ అంటే వాటితో స్క్రీన్లు కట్టడానికి ముందే రాసిపెట్టిన జావాస్క్రిప్ట్ కోడ్, అంటే లైబ్రరీ. రియాక్ట్ బయటికొచ్చింది 2013లో, రేపు అది పోయి ఇంకోటి వచ్చినా బ్రౌజర్ తెర మీద చూపించేది ఆ హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్‌లనే. ఇంటర్వ్యూల్లో యూజ్‌ఎఫెక్ట్ (రియాక్ట్‌లోని ఒక ఫంక్షన్) గురించి గుచ్చి గుచ్చి అడుగుతారు, ఇన్‌పుట్‌కి (ఫారంలో నింపే గడికి) లేబుల్ ఎలా తగిలించాలో ఒక్కరూ అడగరు, కోచింగుల్లో కూడా అందుకే హెచ్‌టీఎంఎల్‌ని ఏదో అయిందనిపిస్తారు.

మా టీం ఒకసారి పొదుపు సంఘాల ఆడవాళ్ల కోసం లోన్ అప్లికేషన్ ఫారం చేసింది, పూర్తిగా తెలుగులో. కానీ డిజైన్ మొత్తం ఇంగ్లిష్‌లో గీసి ఇచ్చారు, బటన్ మీద "సబ్మిట్" అని చిన్న మాట, హైట్ 32 పిక్సెల్స్ ఫిక్స్, లైన్-హైట్ (ఒక్కో లైన్ ఎత్తు) 1, దాని మీద ఓవర్‌ఫ్లో హిడెన్ (పట్టనిది కనపడకుండా దాచేయడం). తెలుగు పెట్టి చూస్తే "స్త్రీ" కింద వత్తులు సగానికి తెగిపోయాయి, "దరఖాస్తు సమర్పించండి" అన్నది బటన్‌లో పట్టక చివర మాయమైంది. దానికి మావాళ్లు చెప్పిన మందు ఏంటంటే ఫాంట్ 11 పిక్సెల్స్‌కి తగ్గించేద్దాం అని, ఇంకొకాయనైతే కాంపొనెంట్ లైబ్రరీనే (రెడీమేడ్ బటన్లు, గడులు ఇచ్చేది) మార్చేద్దాం అన్నాడు. ఎండలో నిలబడి, పాత ఫోన్‌లో, కళ్లజోడు లేకుండా చదివే ఫారం అది, 11 పిక్సెల్స్ ఏంటి అసలు, నాకు ఒళ్లు మండింది. కూర్చుని హైట్ తీసేసి మిన్-హైట్ (కనీస ఎత్తు), ప్యాడింగ్ (లోపలి ఖాళీ) ఇచ్చా, లైన్-హైట్ 1.6 చేశా, ఓవర్‌ఫ్లో హిడెన్ పీకేశా, మాట పొడవైతే బటన్ రెండు లైన్లవుతుంది, అవనీ, నష్టమేంటి? ఏ లైబ్రరీ అక్కర్లేకపోయింది.

అదే యాప్‌లో పేర్లు పొడవైతే జావాస్క్రిప్ట్‌లో స్లైస్‌తో (లెక్క ప్రకారం ముక్క కోసే ఫంక్షన్) కోసేవాళ్లు. "లక్ష్మి" మన కంటికి రెండక్షరాలు, జావాస్క్రిప్ట్‌లో లెంగ్త్ (పొడవు) అడిగితే 7 అంటుంది, పొల్లులు, గుడి కూడా విడివిడిగా లెక్కేస్తుంది మరి. మూడు దగ్గర కోస్తే "లక్" అని పొల్లుతో వేలాడుతుంది, మనిషి పేరండీ అది! చూపించడానికే అయితే కోయడం సీఎస్‌ఎస్ ఎలిప్సిస్‌కి (పట్టకపోతే చివర మూడు చుక్కలు పెట్టేది) వదిలేయండి, ఆ లైన్‌కి ఎత్తు మాత్రం సరిపడా ఇవ్వండి.

ఇంకోటి, డివ్‌కి (ఉత్త డబ్బా లాంటి ట్యాగ్) ఆన్‌క్లిక్ (నొక్కితే నడిచే కోడ్) పెట్టి బటన్ అనడం మానేయాలి అందరూ. ట్యాబ్ కొడితే దాని మీదికి ఫోకస్ రాదు, ఎంటర్ పనిచేయదు, స్క్రీన్ రీడర్‌కి (చూపు లేనివాళ్లకి తెర చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) అది బటనని తెలీదు. అసలు బటన్ ట్యాగ్ వాడితే ఇవన్నీ ఊరికే వస్తాయి. పాపప్‌కి కూడా ప్యాకేజీ దించుతున్నారు ఇంకా, పాపప్ కోసమే ఉన్న డైలాగ్ ట్యాగ్ 2022 నుంచి క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ మూడింట్లోనూ ఉంది. హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌లో భాష చెప్పే లాంగ్ "టీఈ" (lang="te") అని రాస్తే స్క్రీన్ రీడర్‌కి ఇది తెలుగు గొంతుతో చదవాలని తెలుస్తుంది, అదొక్కటి రాయడానికి కూడా బద్ధకమే మనవాళ్లకి.

రియాక్ట్ నేర్చుకోండి, వద్దనట్లేదు. దానికి ముందు మీ ఊరి పేరు, ఇంటి పేరు, అమ్మ పేరు అడిగే తెలుగు ఫారం ఒకటి ఏ లైబ్రరీ లేకుండా రాయండి, మౌస్ పక్కన పెట్టి కీబోర్డ్‌తోనే నింపండి, తర్వాత బ్రౌజర్ జూమ్ 200 శాతం పెట్టి ఎక్కడెక్కడ తెగుతుందో చూడండి. ఎక్కడైనా ఆగిపోతే కోడ్ ఇక్కడే పెట్టండి, చూసి చెప్తా.