రాసుకుంటూ, సంఘం నడుపుతూ బతకొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి బీఏ ఇంగ్లీష్ ఫైనల్ ఇయర్. బాగా రాస్తుంది. కాలనీ మహిళా సంఘం పనులన్నీ నెత్తిన వేసుకుంది. కాలేజీ ప్రాజెక్టు కోసం మేరీ చర్చ్ టెరెల్ అనే అమెరికా రచయిత్రి జీవితం చదివిన దగ్గర్నుంచి ‘నేనూ ఆవిడలాగే’ అంటోంది. బ్యాంక్ కోచింగ్‌కి ఫీజు కట్టాను, వెళ్లనంటోంది. ఇంట్లో రోజూ గొడవే. ఏం చేయమంటారు? - ఒక తండ్రి, గుంటూరు

జవాబు: మీ టెన్షన్ అర్థమైంది. కానీ ఆవిడ జీవితం మీరూ తెలుసుకోవాలండీ. అందులో మీలాంటి తండ్రి ఉన్నారు.

మేరీ 1863లో అమెరికా దక్షిణాదిన, టెనెసీ రాష్ట్రం మెంఫిస్‌లో పుట్టారు. అమ్మానాన్నలిద్దరూ ఒకప్పుడు బానిసలు. తర్వాత తండ్రి రాబర్ట్ చర్చ్ స్థలాలు కొని బాగా సంపాదించారు. 1884లో కూతురు ఒబర్లిన్ కాలేజీలో డిగ్రీ పూర్తిచేస్తే, ఉద్యోగం ఎందుకు, ఇంటిపట్టున ఉండమన్నారు. ఆవిడ వినలేదు, ఒహైయోలోని విల్బర్‌ఫోర్స్ యూనివర్సిటీలో టీచరుగా చేరారు. దాదాపు ఏడాది పాటు తండ్రి ఆమెకు ఉత్తరం ముక్క రాయలేదు. చివరికి ఆయనే మెత్తబడి, పై చదువుకి రెండేళ్లు యూరప్ పంపారు.

విల్బర్‌ఫోర్స్‌లో ఆవిడ పాఠాలతో పాటు ఇంకో పని చేసేవారు. అధ్యాపకుల సమావేశాలకు ఆవిడే సెక్రటరీ. ఎవరు ఏమన్నారు, ఏం తీర్మానించారు, పేజీలకు పేజీలు చేత్తో రాయాలి. సలహా కోసం మా దగ్గరికి వచ్చే పిల్లలు ఇలాంటి పనిని చిన్నచూపు చూస్తారు. నాకైతే ఆవిడ తర్వాతి జీవితానికి మొదటి ట్రైనింగ్ అదేననిపిస్తుంది.

1891లో పెళ్లయింది. పెళ్లయిన ఆడవాళ్లను టీచర్లుగా ఉంచని రోజులవి, వాషింగ్టన్‌లో ఉన్న ఉద్యోగం పోయింది. మరుసటి ఏడాది మెంఫిస్‌లో ఆవిడ చిన్ననాటి స్నేహితుడు టామ్ మాస్‌ను తెల్లవాళ్ల మూక చంపేసింది. ఆ తర్వాత ఆవిడ ఇంట్లో కూర్చోలేదు. 1896లో నల్లజాతి మహిళా సంఘాలన్నీ ఒక జాతీయ సంఘంగా కలిస్తే తొలి అధ్యక్షురాలు ఆవిడే. పనికెళ్లే తల్లుల పిల్లలకు శిశు సంరక్షణ కేంద్రాలు, కిండర్‌గార్టెన్లు ఆ సంఘాల ముఖ్యమైన పనుల్లో ఉండేవి. 1904లో బెర్లిన్ మహిళా మహాసభలో జర్మన్‌లోనే మాట్లాడారు. నాన్న చెప్పించిన చదువు అక్కడ అక్కరకొచ్చింది.

ఇక మీ అమ్మాయికి చెప్పాల్సిన మాట. ఆవిడకు రాతలు కూడు పెట్టలేదు. వ్యాసాలు పెద్ద పత్రికల్లో వచ్చాయి గానీ, జాతి వివక్ష మీద రాసిన కథలు తిరిగొచ్చేవి. ఆదాయం మొదట టీచరు ఉద్యోగం నుంచి, తర్వాత ఊరూరా తిరిగి ఇచ్చిన ఉపన్యాసాల నుంచి వచ్చింది. ఆవిడ ఊళ్లు తిరుగుతుంటే కూతురిని అమ్మమ్మ చూసుకునేది. పైగా తండ్రి ఆస్తిపరుడు, భర్త జడ్జి. ఆ అండ మీ ఇంట్లో లేకపోతే, ముందు నెల జీతం వచ్చే పని ఒకటి చూసుకోవాల్సిందే.

అది బ్యాంకే కానక్కర్లేదు. ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేయించండి. ఆంధ్రా యూనివర్సిటీ, హైదరాబాద్‌లో రోడా మిస్త్రీ కాలేజీ, టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) వెబ్‌సైట్లలో ఈ ఏడాది ప్రవేశాల నోటిఫికేషన్లు మీరిద్దరూ కలిసి చూడండి. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. ఆ డబ్బుతో పనిచేసే సంస్థలకు ఊళ్లో పది మందితో మాట్లాడి, రాత్రికి రిపోర్టు రాయగల మనిషి కావాలి. మొదట్లో జీతం బ్యాంకు ఆఫీసర్ జీతమంత ఉండదు. ఆ సంగతి మీ ఇద్దరికీ ఇప్పుడే తెలిసుండాలి.

ఈలోగా ఏదైనా డ్వాక్రా సంఘం సమావేశానికి ఆమెను ఒకసారి తీసుకెళ్లండి. చాప మీద తీర్మానాల పుస్తకం, పొదుపు లెక్క, బాకీ ఎవరెంత కట్టారో, అందరి సంతకాలూ వేలిముద్రలూ ఉంటాయి. రెండు గంటలు కూర్చుని ఆ లెక్క విసుగు లేకుండా చూస్తే, ఈ దారి ఆమెకు సరిపోతుంది. విసుగొస్తే రచన సాయంత్రాలకు ఉంచుకుని కోచింగ్‌కి వెళ్లమనండి, కట్టిన ఫీజు ఎలాగూ ఉంది.

మాట్లాడటం మాత్రం మానేయకండి. నన్ను కలవడానికి వచ్చేటప్పుడు కాలనీ సంఘం మినిట్స్ పుస్తకం, ఆమె రాసిన మూడు వ్యాసాలు తెమ్మనండి.