ఏ గట్టు మీద?

ప్రశ్న: దుబాసీ గారికి నమస్కారాలు. రష్యా–ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పటి నుంచి మా అన్నయ్యకీ నాకూ మాటలు తగ్గిపోయాయి. అన్నయ్యకి రష్యా అంటే 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో మన పక్కన నిలబడ్డ దేశం. నాకేమో, ఉక్రెయిన్‌లో వైద్యం చదువుతూ మధ్యలో వదిలేసి కట్టుబట్టలతో వచ్చిన మా మేనకోడలే కళ్ల ముందు ఉంటుంది. అంత దూరపు యుద్ధాన్ని ఏ పక్షమూ లేకుండా తూచడం మనిషికి సాధ్యమేనా?
– ఒక పాఠకుడు, గుణుపురం

జవాబు: తటస్థుడు అన్న మాటను ఒకసారి విడదీసి చూడండి బాబూ. తటం అంటే గట్టు. నీళ్లలో దిగి కొట్టుకునేవాళ్లలో కలవకుండా గట్టు మీద ఉన్నవాడు తటస్థుడు. వినడానికి బాగానే ఉంది. కానీ మహేంద్రతనయ పక్కన పర్లాకిమిడిలో పుట్టి పెరిగినవాణ్ణి, ఏటికి మూడో గట్టు నేనెప్పుడూ చూడలేదు. మీ అన్నయ్య 1971 గట్టు మీద ఉన్నారు, మీరు మేనకోడలి గట్టు మీద. నేనో? 2022లో పొద్దుతిరుగుడు నూనె ధర చూసి, "ఈ యుద్ధం ఎలాగో ఒకలా ఆగిపోతే బాగుణ్ణు" అన్నాను. ఆ నూనె మనకి ఎక్కువగా ఉక్రెయిన్ నుంచే వచ్చేది. ఎలాగో ఒకలా అంటే ఎవరి భూమి ఎవరికి పోయినా నాకు ఫరవాలేదనేగా! శాంతి కోరుతున్నాననుకున్నాను. నిజానికి అప్పడాలు వేయించుకోవాలనుకున్నాను, అంతే.

అయితే తటస్థం వేరు, నిష్పక్షపాతం వేరు. ఈ తేడా నాకు ఒక ముసలమ్మ నేర్పింది.

కోర్టులో 28 ఏళ్లు దుబాసీ పని చేశాను. తెలుగులో చెప్పిన సాక్ష్యాన్ని ఒడియాలో అప్పజెప్పడం నా కొలువు. ఒకసారి పొలం గట్టు తగాదా వచ్చింది. సాక్షి ముసలావిడ బోనెక్కి, "కర్ర తగిలీసిందండి బాబూ" అంది. నేను ఒడియాలో "కర్రతో కొట్టాడు" అని చెప్పేశాను. ముద్దాయి తరఫు వకీలుకి తెలుగు వచ్చు. చటుక్కున లేచాడు. "సాక్షి కొట్టాడు అనలేదండీ, తగిలింది అంది" అన్నాడు. నిండు కోర్టులో నా తల తిరిగిపోయింది. నేను అబద్ధం చెప్పలేదు. నా చెవికి అలాగే వినపడింది. ఎందుకు వినపడిందో ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చున్నాక తట్టింది: ఫిర్యాదిది మా అమ్మ పుట్టిన ఊరు. అతని మాట తీరు మా మేనమామ మాట తీరే.

మెజిస్ట్రేటు గారు ముసలావిణ్ణి మళ్లీ అడిగారు. ఎలా తగిలిందమ్మా? "ఆడు ఎత్తాడు, ఈడు అడ్డమొచ్చాడు." ఉన్నదున్నట్టు, ఒక్క ముక్క మార్చకుండా చెప్పాను. తరువాత డాక్టరు కాగితం వచ్చింది. దెబ్బ వీపు మీద ఉంది. అడ్డమొచ్చినవాడికి దెబ్బ వీపు మీదెలా తగులుతుంది? ముద్దాయికి శిక్ష పడింది.

చూశారా, నేను మొదట చెప్పిందే చివరికి నిజమైంది. అయినా నేను చేసింది తప్పే. వినేటప్పుడు ఏ వైపూ ఒరగకూడదు. విన్నాక తీర్పు ఏదో ఒక వైపు ఒరగక తప్పదు. సగం నీది, సగం వాడిది అని పంచిపెట్టడం న్యాయం కాదు. (మా వీధి పెద్దమనుషులకు ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు.)

దూరపు యుద్ధంలో వచ్చిన చిక్కల్లా, మనకి ముసలావిడ దొరకదు. దుబాసీలే దొరుకుతారు. రష్యా దాన్ని యుద్ధం అనలేదు, "ప్రత్యేక సైనిక చర్య" అంది. సైన్యం గురించి తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే 15 ఏళ్ల దాకా జైలు వేసే చట్టం 2022 మార్చిలోనే తెచ్చింది. ఊరి పేరూ అంతే. కియెవ్ అంటే రష్యన్ పలుకుబడి, కీవ్ అంటే ఉక్రెయిన్‌ది. మనకిది కొత్తా? కొరాపుట్ జిల్లా కొటియా పల్లెలు 21. మావంటే మావని ఒడిశా, ఆంధ్రా పడే తగువు 1968లోనే సుప్రీంకోర్టుకెక్కింది. 2021 ఫిబ్రవరిలో అక్కడ ఆంధ్రా పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా మళ్లీ కోర్టుకెళ్లింది. ఇటు ఒడిశావాళ్లు గంజెయిపదర్ అంటే అటు ఆంధ్రావాళ్లు గంజాయిభద్ర అంటారు. ఇటు ఫటుసినేరి, అటు పట్టుచెన్నూరు. ఊరి పేరు పలికేసరికే మనం ఏ గట్టు మీద ఉన్నామో తెలిసిపోతుంది.

ఇక నా తీర్పు అడుగుతారు కాబట్టి చెబుతాను. పాశ్చాత్య దేశాల సైనిక కూటమి నాటో తన గుమ్మం దాకా వచ్చిందన్న రష్యా మొరను విన్నాను. అది కొట్టిపారేసే మాట కాదు. కానీ 1994 డిసెంబరులో బుడాపెస్ట్‌లో ఉక్రెయిన్ అణ్వాయుధాలు వదులుకోవడానికి ఒప్పుకుంటే, దాని సరిహద్దులను గౌరవిస్తామని సంతకం పెట్టినవాళ్లలో రష్యా ఉంది. 2022 ఫిబ్రవరి 24న ఆ సరిహద్దు దాటింది రష్యా సైన్యమే. దెబ్బ వీపు మీదే ఉంది. ఇదే కొలబద్ద 2003లో భద్రతామండలి అనుమతి లేకుండా ఇరాక్ మీదకెళ్లిన అమెరికాకీ పెడతాను. మీ అన్నయ్య ముందు ఆ ఇరాక్ మాట మీరే ఎత్తండి, ఆయన ఎత్తేదాకా ఆగొద్దు. మిగతాది ఆయన వింటారు.

ప్రశ్న: కురుక్షేత్రంలో బలరాముడు తటస్థుడే కదండీ?
– ఒక విద్యార్థి, బరంపురం

జవాబు: తీర్థయాత్రలకు వెళ్లాడు నాయనా. కానీ సరిగ్గా ఆఖరి గదాయుద్ధం వేళకి తిరిగొచ్చాడు. భీముడు తొడ మీద కొట్టగానే నాగలి ఎత్తుకుని వాడి మీదకి ఉరికాడు. అన్నాళ్లూ గంగలో, సరస్వతిలో మునిగినా దుర్యోధనుడి మీద ప్రేమ తడవనే లేదు.

ప్రశ్న: 2022 మార్చి 2న ఐక్యరాజ్యసమితిలో రష్యాను తప్పుపట్టిన తీర్మానానికి 141 దేశాలు ఓటేశాయి, 5 కాదన్నాయి, 35 ఎటూ వేయలేదు. ఆ 35లో మనమూ ఉన్నాం. అది తటస్థతా, తప్పించుకోవడమా?
– ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: అవసరం తల్లీ. ఆయుధాల విడిభాగాలు అక్కడివి. తరువాత చమురూ అక్కడిదే అయింది. యుద్ధానికి ముందు మన చమురు దిగుమతుల్లో రెండు శాతానికి మించని రష్యా సరుకు, ఏడాది తిరిగేసరికి మూడో వంతు దాకా వెళ్లింది. అవసరాన్ని అవసరం అంటే నాకు అభ్యంతరం లేదు. దానికి ధర్మం పేరు పెడితేనే ఒళ్లు మండుతుంది.

మనవాళ్లు తటస్థతను కొలువుగా చేసిన రోజులూ ఉన్నాయి. 1950 జూన్‌లో దక్షిణ కొరియా మీద ఉత్తర కొరియా దాడి శాంతిభంగమే అన్న తీర్మానానికి భద్రతామండలిలో మనం ఓటేశాం. అంటే మన అభిప్రాయం మనం చెప్పేశాం. అయినా 1953లో సొంత దేశాలకు తిరిగి వెళ్లబోమన్న ఆ యుద్ధపు ఖైదీల సంగతి తేల్చే సంఘానికి ఇరుపక్షాలూ మన జనరల్ తిమ్మయ్యనే అధ్యక్షుడిగా ఒప్పుకున్నాయి. స్వీడన్, స్విట్జర్లాండ్ ఒక వైపు, పోలండ్, చెకోస్లొవేకియా మరో వైపు, మధ్యలో మనం. దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్మన్ రీ, ఆ ఖైదీలకు కాపలాగా వెళ్లిన మన సిపాయిలు తన నేల మీద కాలు పెట్టడానికి వీల్లేదన్నాడు. అందుకని వాళ్లను ఓడల మీది నుంచి హెలికాప్టర్లలో తీసుకెళ్లి, రెండు సైన్యాల నడుమ ఖాళీ జాగాలో దించారు. ఇద్దరి తిట్లూ తిన్నారు. ఇటూ పోం, అటూ పోం అన్న 88 మంది ఖైదీలను 1954లో వెనక్కి వస్తూ తమతో పాటు మన దేశానికి తీసుకొచ్చారు.