రెండు పాత్రలను పక్కపక్కన నిలబెట్టేటప్పుడు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. సాహిత్యంలో విచిత్ర స్వభావులైన రెండు పాత్రలను ఎంచుకుని పోల్చుతూ వ్యాసం రాయవలసి వచ్చిందనీ, పాత్రలు ఎదురుగా ఉన్నా ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదనీ రాశావు. చాలాకాలం సాహిత్యం పాఠం చెప్పినవాడిని కనుక, ఈ పని గురించి నాకు గట్టిగా నమ్మకం కుదిరిన కొన్ని సంగతులు వివరంగా రాస్తున్నాను. తీరికగా చదువు.

సాధారణంగా ఇటువంటి వ్యాసాలు ఒకే తీరులో వస్తాయి. మొదటి రెండు పుటల్లో ఒక పాత్ర గుణగణాలు, తరువాతి రెండు పుటల్లో రెండవ పాత్ర గుణగణాలు, చివర ఈ ఇద్దరికీ హస్తిమశకాంతరం ఉందని ఒక వాక్యం. అందులో రెండు పరిచయాలు ఉంటాయి గాని పోలిక ఉండదు. తేడాలు చెప్పడానికి పాండిత్యం అక్కరలేదు, ఎందుకంటే లోకంలో ఏ ఇద్దరిని తెచ్చి నిలబెట్టినా వారి మధ్య తేడాలు కోకొల్లలుగా దొరుకుతాయి. కష్టమూ, విలువా ఉన్నది ఆ ఇద్దరూ కలిసే చోటును కనిపెట్టడంలోనే. ఇద్దరూ ఏ ఒక్కదాని కోసం పాకులాడుతున్నారో, ఏ ఒక్క చిక్కులో ఇరుక్కున్నారో ముందు తేల్చుకుంటే, అక్కడి నుంచి వారు విడిపోయిన తీరే నీ వ్యాసానికి విషయమవుతుంది.

గురజాడ నాటకం కన్యాశుల్కంలో గిరీశాన్నీ రామప్పంతులునూ తీసుకో. ఇద్దరికీ నిలకడైన సంపాదన లేదు, ఇద్దరూ నోటి చలువతో బతికేవాళ్ళే, ఇద్దరూ లేని గొప్పలు చెప్పుకునేవాళ్ళే, ఇద్దరూ వేశ్య మధురవాణి ఇంటి గడప తొక్కినవాళ్ళే. ఇంత దగ్గరివాళ్ళు కాబట్టే వీరి మధ్య తేడా చెప్పడం ఆసక్తికరం అవుతుంది. మొదటి అంకంలోనే గురజాడ వీరిద్దరినీ ఒకే మంచం కిందకు చేర్చాడు. పూటకూళ్ళమ్మ చీపురుకట్టతో వచ్చిపడేసరికి అప్పటికే అక్కడ దాక్కుని ఉన్న రామప్పంతులుకు తోడుగా గిరీశం కూడా దూరతాడు. దెబ్బ రామప్పంతులుకు తగులుతుంది, గిరీశం తప్పించుకుపోతాడు. ప్రేక్షకులు కడుపుబ్బ నవ్వుకునే ఈ ఘట్టంలో ఇద్దరి జాతకమూ ముందే రాసిపెట్టి ఉంది. ఒకే ఆపదలో, ఒకే చోట, ఒకే సమయంలో ఇద్దరూ ఉన్నారు గనుక పోల్చేవారికి ఇంతకన్న అనువైన చోటు దొరకదు. నీవు ఏ పాత్రలను ఎంచుకున్నా సరే, అటువంటి మంచాన్ని ఒకదాన్ని వెతికి పట్టుకో. ఇద్దరూ ఎదురుపడే ఘట్టం గ్రంథంలో లేకపోతే, ఇద్దరికీ వేర్వేరుగా ఎదురైన ఒకే రకం పరీక్షను ఎంచుకో.

అక్కడి నుంచి తేడాలోకి దిగు. గిరీశం పెట్టుబడి ఎదుటివాడి అబ్బురం. ఇంగ్లీషు ముక్కలు, కవిత్వం, ఉపన్యాసాలు, వితంతు వివాహాల గురించిన ఉద్బోధలు, ఇవన్నీ తనను తల ఎత్తి చూసేవాళ్ళ దగ్గరే చెల్లుతాయి. కాబట్టి అతనికి వెంకటేశం వంటి శిష్యుడు కావాలి, తనతో మాట్లాడటమే ఒక చదువని ఆ పిల్లవాణ్ణి నమ్మించాలి. రామప్పంతులు పెట్టుబడి ఎదుటివాడి భయం. కోర్టులు, దావాలు, అధికారుల దగ్గర తనకున్న పలుకుబడి, ఇవి చిక్కుల్లో పడ్డవాడి దగ్గర, పడతానేమోనని జంకేవాడి దగ్గర మాత్రమే పనిచేస్తాయి. అందుకే లుబ్ధావధాన్లు వంటి పిసినిగొట్టు అతనికి తగిన బేరం. ఇలా చెప్పినప్పుడు ఇద్దరూ మోసగాళ్ళే అన్న చప్పటి మాట వెనక్కుపోయి, మోసం ఏ బలహీనతను పట్టుకుని బతుకుతుందో బయటపడుతుంది. నాటకం మొత్తం ఆ సమాజంలోని అబ్బురాల మీదా భయాల మీదా నడుస్తున్నదన్న సంగతి కూడా అక్కడే తేటపడుతుంది.

తేడా చెప్పి ఊరుకోకు. దాని ఫలితం ఎటు పోయిందో చూడు. రామప్పంతులు ఎత్తులు చివరకు అతని మెడకే చుట్టుకుంటాయి. కంటె అనే మధురవాణి మెడనగ పెళ్ళికూతురి వేషంలో ఉన్న కుర్రవాడితో మాయమైపోయాక అది తెచ్చి ఇవ్వలేక అతను పడే అవస్థ అందుకు సాక్ష్యం. గిరీశం చేసిన చెరుపు ఇతరుల మీద పడుతుంది. వితంతువైన బుచ్చమ్మ అతన్ని నమ్మి ఇల్లు విడిచి వస్తుంది, సంస్కరణ అన్న మంచి మాటకే మచ్చ వస్తుంది. నన్నడిగితే ఇద్దరిలో గిరీశమే ప్రమాదకారి. రామప్పంతులును చూసి ఎవరూ ముచ్చటపడరు, గిరీశాన్ని చూసి పాఠకుడు కూడా ముచ్చటపడతాడు. నీవు దీనితో ఏకీభవించకపోవచ్చు, కాని ఇటువంటి ఒక నిర్ణయం నీ వ్యాసంలో ఉండి తీరాలి. ఇద్దరికీ చెరి సగం పంచి పక్కకు తప్పుకునే వ్యాసం ఎవరి మనసులోనూ నిలవదు.

ఇద్దరినీ ఎరిగిన మూడవ పాత్ర ఉంటే దాన్ని వదలకు. గిరీశం సాంగత్యం నుంచి రామప్పంతులు సాంగత్యానికి వచ్చిన మధురవాణి ఇద్దరి లోతులూ చూసింది. ఆమె ఎవరిని ఏ మాటతో ఆడించిందో, ఎవరి ముందు ఎంత జాగ్రత్తగా మాట్లాడిందో వరుసగా రాసుకుంటే, నీకు వేరే కొలబద్ద అక్కరలేదు. రచయిత తన తీర్పును నేరుగా చెప్పకుండా ఇటువంటి సాక్షి చేతిలో పెట్టడం గొప్ప రచనల్లో తరచుగా కనిపిస్తుంది.

అదే నాటకంలో దీనికి తిరగేసిన ఉదాహరణ కూడా ఉంది. అగ్నిహోత్రావధాన్లు ముక్కోపి, లుబ్ధావధాన్లు పిసినారి. పేర్లతో సహా ఇద్దరూ ఉప్పూ నిప్పూలా కనిపిస్తారు. అయితే పెళ్ళి పేరుతో చిన్నపిల్ల సుబ్బిని పద్దెనిమిది వందల రూపాయలకు ఒకడు అమ్మజూపుతాడు, మరొకడు కొనజూపుతాడు. స్వభావాల్లో ఉన్న తేడా ఆ బేరం దగ్గర చెరిగిపోతుంది. పైకి కనిపించే వైరుధ్యం ఒక్కోసారి లోపలి సామ్యాన్ని దాచే ముసుగు మాత్రమే అని గుర్తుంచుకుంటే చాలు.

ఇక విచిత్ర స్వభావం అన్నదాని గురించి కాస్త నిదానంగా చెప్పాలి. ఏ పాత్రా ఒంటరిగా విచిత్రమైనది కాదు. పక్కన ఉన్నవాడు నివ్వెరపోతేనే విచిత్రం కనిపిస్తుంది. 1887లో వచ్చిన మొట్టమొదటి షెర్లాక్ హోమ్స్ కథలో, భూమి సూర్యుని చుట్టూ తిరుగుతుందన్న సంగతి ఆ అపరాధ పరిశోధకుడికి తెలియదని తెలిసి అతని సహచరుడు వాట్సన్ నోరు వెళ్ళబెడతాడు; మనలాంటి మామూలు మనిషి ఆ గదిలో ఒకడు ఉన్నాడు కాబట్టే హోమ్స్ వింత మనకు తెలిసివచ్చింది. కాబట్టి ‘ఈ పాత్ర విచిత్రమైనది’ అని రాయబోయే ముందు ఎవరి కంటికి, ఏ కట్టుబాటుతో తూచితే అని నిన్ను నీవు ప్రశ్నించుకో. ఆ ప్రశ్నకు జవాబు దొరికితే రెండవ పాత్ర కథలో ఎందుకున్నదో కూడా దొరికినట్టే.

ఈ విషయంలో నాకు ఎన్నిసార్లు చదివినా తనివి తీరని జంట స్పానిష్ రచయిత సెర్వాంటెస్ సృష్టించిన డాన్ క్విక్సోట్, సాంచో పాంజా. మొదటి భాగం 1605లో, రెండవ భాగం 1615లో వెలువడ్డాయి. యజమాని వీరగాథలు చదివి చదివి మతి తప్పిన బక్కపలచని పెద్దమనిషి, సేవకుడు తిండి మీదా నిద్ర మీదా ధ్యాస ఉన్న పొట్టి బొద్దు రైతు. గాలిమరలను చూసి ఒకడు రాక్షసులంటాడు, మరొకడు అవి గాలిమరలేనని మొత్తుకుంటాడు. ఇక్కడితో ఆగి కల, వాస్తవం అని రెండు పేర్లు పెట్టి ముగించిన వ్యాసాలు నేను లెక్కలేనన్ని చదివాను. వారు రెండవ భాగం సరిగా చదవలేదని నాకు వెంటనే తెలిసిపోయేది.

రెండవ భాగంలో ఒక ఘట్టం చూడు. క్విక్సోట్ ఆరాధించే రాకుమారిని వెతికి తీసుకురావలసిన సాంచో, ఆ పని చేయలేక, గాడిదల మీద వస్తున్న ముగ్గురు పల్లెటూరి ఆడవాళ్ళను చూపించి అదిగో రాకుమారి అంటూ మోకాళ్ళ మీద పడతాడు. క్విక్సోట్ కళ్ళు పెద్దవి చేసి చూస్తాడు గాని అతనికి గాడిద మీద ఉన్న పల్లెపడుచు తప్ప మరేమీ కనిపించదు. భ్రమలు కల్పించేవాడు ఇప్పుడు సేవకుడు, ఉన్నది ఉన్నట్టు చూసేవాడు యజమాని! ఆ తరువాత అదే సాంచో ఒక ఉత్తుత్తి ద్వీపానికి పాలకుడై న్యాయం తీరుస్తాడు. అప్పు తీర్చేశానని ప్రమాణం చేసే ముందు ఒక ముసలివాడు తన చేతికర్రను అప్పిచ్చినవాడి చేతికి పట్టుకోమని ఇస్తే, ఆ కర్రను విరగ్గొట్టించి లోపల దాచిన బంగారు నాణేలను బయటకు తీయిస్తాడు. మోటువాడని అందరూ అనుకున్నవాడి వివేకం అది. చివరకు క్విక్సోట్ మతి కుదుటపడి మరణశయ్య మీద తన వీరగాథలను తానే తోసిపుచ్చుతుంటే, లేచి రమ్మనీ, గొర్రెలకాపరుల వేషంలో పొలాలకు పోదామనీ ఏడుస్తూ బతిమాలేది సాంచోయే. కలిసి నడిచిన దారిలో ఒకరి గుణం మరొకరికి అంటుకుంది. ఇరవయ్యవ శతాబ్దపు స్పానిష్ విమర్శకుడు సాల్వడార్ ద మదారియాగ ఈ మార్పిడినే విశదంగా చర్చించాడు. అందువల్ల నేను ఖండితంగా చెప్పేదేమిటంటే, పాత్రలను ఒక్క చోట మాత్రమే పోల్చకూడదు. కథ మొదట్లో ఒకసారి, నడుమ ఒకసారి, చివర ఒకసారి పక్కపక్కన నిలబెట్టి, వారి మధ్య దూరం పెరిగిందా, తగ్గిందా, తారుమారైందా అన్నది పట్టుకోవాలి.

పాత్ర తన స్వభావానికి చుక్కెదురుగా మాట్లాడిన చోటు కనిపిస్తే దాన్ని బంగారంలా దాచుకో. భారతం ఉద్యోగపర్వంలో కృష్ణుడు రాయబారానికి బయలుదేరేటప్పుడు భీముడు సంధి మాటలు మాట్లాడతాడు. కృష్ణుడు అది విని ఆశ్చర్యం నటిస్తూ ఎత్తిపొడుస్తాడు. ధర్మరాజు శాంతం, భీముడు క్రోధం అని గీత గీసుకున్నవాడికి ఆ ఘట్టం అడ్డంకి. ఓపికగా చదివేవాడికి మాత్రం భీముని కోపం వెనుక వంశనాశనం పట్ల ఎంత దిగులు ఉందో అక్కడే తెలుస్తుంది. అటువంటి చోట్లను వ్యాసం నుంచి తప్పించకుండా, వాటితోనే వాదాన్ని నడిపితే నీ రాతకు బలం వస్తుంది.

మరొక మాట. ఆ పాత్ర కథను ఎవరు చెబుతున్నారో గమనించకుండా పోలిక చేయవద్దు. మొక్కపాటి నరసింహశాస్త్రి నవల ‘బారిష్టర్ పార్వతీశం’లో పార్వతీశం తన కథను తానే చెప్పుకుంటాడు. ఆడవాళ్ళ టోపీ కొనుక్కుని దర్జాగా పెట్టుకుని తిరిగితే, జనం ఎందుకు నవ్వుతున్నారో అతనికి అర్థం కాదు, మనకు అర్థమవుతుంది. అతని లోపలి అమాయకత్వం మనకు వినిపిస్తూ ఉండగా నవ్వుతాం కనుక ఆ నవ్వులో వాత్సల్యం కలుస్తుంది. చిలకమర్తి వారి ‘గణపతి’ నవలలో గణపతి కథ వేరొకరు చెప్పగా వింటాం. అతను చేసిన ఆగడాలు కనిపిస్తాయి గాని, అతని మనసులోకి మనకు అంత చొరవ ఉండదు. ఒకడు మంచివాడు, ఒకడు చెడ్డవాడు అని తీర్పు చెప్పే ముందు, ఆ భావన పాత్ర వల్ల కలిగిందా, కథనం వల్ల కలిగిందా అని విడదీసుకోవాలి. ఇది సున్నితమైన పని, తొందరపడితే కుదరదు. ఇంగ్లీషు నవలాకారుడు ఇ. ఎం. ఫార్‌స్టర్ 1927లో చెప్పిన విభజన కూడా ఇక్కడ పనికివస్తుంది: ఒకే లక్షణంతో నడిచే పాత్రలు కొన్ని, మనల్ని నమ్మించేలా ఆశ్చర్యపరచగల నిండు పాత్రలు కొన్ని. ఈ రెండు జాతులను పోల్చదలిస్తే వాటి పని వేరని ముందే ఒప్పుకుని పోల్చు. మొదటి రకాన్ని లోతు లేదని నిందించడం న్యాయం కాదు.

రాసే పద్ధతి గురించి ఎక్కువ చెప్పను. రెండు గడులు గీసుకుని లక్షణాలు ఎదురెదురుగా రాసుకో, అది నీ బల్ల మీదనే ఉండనీ. ఆ పట్టికను వాక్యాలుగా మార్చి వ్యాసంలో పెట్టకు. ప్రతి పేరాలోనూ ఇద్దరూ ఉండాలి. కోపిష్టి, లోభి, పిచ్చివాడు వంటి విశేషణం రాయాలనిపించినప్పుడల్లా దాన్ని ఆపి, ఆ మనిషి చేసిన ఒక పనినీ అన్న ఒక మాటనూ రాయి. విశేషణం చదివేవారికి దానంతట అదే తడుతుంది. నీవు ఏ ముద్రణ చదివావో చూసుకో. కన్యాశుల్కం 1892లో ప్రదర్శనకు వచ్చింది, 1897లో అచ్చయింది, 1909 నాటి రెండవ కూర్పులో దాదాపు కొత్త నాటకంగా మారిపోయింది. ఏ కూర్పులోని పాత్ర గురించి మాట్లాడుతున్నావో స్పష్టంగా తెలిసి ఉండాలి, లేకపోతే ఒకదానిలోని మాటను మరొకదానికి అంటగట్టే ప్రమాదం ఉంది.

ముందుగా నీవు ఎంచుకున్న ఘట్టాన్ని రెండుసార్లు బిగ్గరగా చదువు, ఒకసారి ఒక పాత్ర పక్షాన, మరొకసారి రెండవ పాత్ర పక్షాన. ఆ తరువాత ఆ ఇద్దరూ ఏమి కోరుకుంటున్నారో ఒక్క వాక్యంలో రాసి నాకు పంపు. మిగతా వ్యాసం సంగతి అది చూశాక మాట్లాడుకుందాం.

ఇట్లు,
మీ మామయ్య