నాన్నగారి బీడీలు: ఇప్పుడు మానినా లాభమే

తమ్ముడూ, 30 ఏళ్లుగా తాగుతున్నా, ఇప్పుడు మానేసి ఏం లాభం అని నాన్నగారు అంటున్నారని రాశావు కదా. లాభం ఉంది. మానేసిన పదేళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు, తాగుతూనే ఉన్నవాళ్లతో పోలిస్తే దాదాపు సగానికి తగ్గుతుంది. సిగరెట్ కన్నా బీడీ నయం అనేది ఉత్త మాట, తునికాకు మాటిమాటికీ ఆరిపోతుంది కాబట్టి గట్టిగా పీల్చాల్సి వస్తుంది, పొగ ఇంకా లోపలికి పోతుంది. పొద్దున టీతో వెలిగించే మొదటి బీడీ మానడమే కష్టం, అక్కడ బీడీ బదులు నమిలే నికోటిన్ గమ్ పనికొస్తుంది. పొగాకు మానేవాళ్లకి సాయం చేసే హెల్ప్‌లైన్ 1800-11-2356కి ఫోన్ చేయించు, సలహా ఉచితం. ఇక పొలంలో ఎండకి చర్మ క్యాన్సర్ వస్తుందేమో అంటావా, మన రంగు వాళ్లకి అది తక్కువే, తలపాగా, ఫుల్ చేతుల చొక్కా చాలు. ఎన్నాళ్లకీ మానని పుండో, అరికాల్లో కొత్తగా నల్లమచ్చో కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా చర్మం డాక్టరుకి చూపించు.