ఓపీటీ తిరస్కరించారు, మళ్లీ వేయవచ్చా?

ప్రశ్న: టెక్సాస్‌లో కంప్యూటర్ సైన్స్‌లో ఎంఎస్ పూర్తి చేశాను. ఐ-20లో (యూనివర్సిటీ ఇచ్చే విద్యార్థి పత్రం) కోర్సు ముగింపు తేదీ డిసెంబర్ 13. మా యూనివర్సిటీ డీఎస్‌ఓ (విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) నవంబర్ 3న ఓపీటీకి, అంటే చదువుకు సంబంధించిన పని చేసుకునే అనుమతికి, సిఫారసు చేసి కొత్త ఐ-20 ఇచ్చారు. అప్పుడే ఫైనల్ పరీక్షలు, పైగా వారం రోజులు జ్వరం. సిఫారసు తర్వాత 60 రోజుల టైం ఉంటుందని రూమ్‌మేట్ చెప్పాడు. డిసెంబర్ 9న ఆన్‌లైన్‌లో ఐ-765 (పని అనుమతి దరఖాస్తు) వేశాను. జనవరి 28న తిరస్కరించారు. నాన్నగారు తెనాలి దగ్గరున్న రెండెకరాలు తాకట్టు పెట్టి నన్ను పంపారు. ఇంట్లో ఇంకా చెప్పలేదు, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఫిబ్రవరి 6న అక్క పెళ్లి. అప్పీలు చేస్తే గెలుస్తానా? డల్లాస్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్లు ‘అప్పీలు వేసి మా దగ్గర చేరిపో, పని అనుమతి కార్డు వచ్చాక పాత తేదీలతో పేరోల్ చూపిస్తాం’ అంటున్నారు. చేరవచ్చా?
- ఒక విద్యార్థి, టెక్సాస్

జవాబు: మీ ఉత్తరంలో కేసును తేల్చేవి మూడు తేదీలు. నవంబర్ 3, డిసెంబర్ 9 మీ దరఖాస్తు ఎందుకు పోయిందో చెబుతాయి. డిసెంబర్ 13 మీకు ఇంకా దారి ఉందని చెబుతుంది. మీ ఉత్తరం జనవరి 30న అందింది. జవాబు సారాంశం ఆ రోజే మీకు మెయిల్ చేశాను. ఇదే పొరపాటు చాలామంది చేస్తున్నారు కాబట్టి వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

చదువు పూర్తయ్యాక తీసుకునే ఓపీటీకి రెండు గడువులు ఉంటాయి, రెండూ పాటించాలి. కోర్సు ముగింపు తేదీకి 90 రోజుల ముందు నుంచి, ఆ తేదీ తర్వాత 60 రోజుల వరకు దరఖాస్తు చేయవచ్చు. ఇది మొదటిది. డీఎస్‌ఓ సెవిస్‌లో (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డు) సిఫారసు నమోదు చేసిన రోజు నుంచి 30 రోజుల్లోగా ఆ దరఖాస్తు యూఎస్‌సీఐఎస్‌కు (అమెరికా ఇమిగ్రేషన్ దరఖాస్తులు చూసే సంస్థ) చేరాలి. ఇది రెండోది. మీరు మొదటి గడువులో ఉన్నారు, రెండోది దాటిపోయారు. నవంబర్ 3 నుంచి డిసెంబర్ 9కి 36 రోజులు. అధికారి లెక్క తప్పలేదు.

మీ రూమ్‌మేట్ చెప్పిన 60 రోజులు స్టెమ్ ఎక్స్‌టెన్షన్‌కు (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్ డిగ్రీల వారికి ఇచ్చే ఓపీటీ పొడిగింపు) సంబంధించినవి. ఆ 24 నెలల పొడిగింపు అడిగేటప్పుడే సిఫారసు నుంచి 60 రోజుల టైం ఉంటుంది. ఆయన తన కేసు గురించి చెప్పింది నిజమే, మీ కేసుకు అది వర్తించదు. ఇక్కడ మిమ్మల్ని మందలించక తప్పదు. మీ జీవితాన్ని నిర్ణయించే దరఖాస్తుకు గడువు ఎంతో యూఎస్‌సీఐఎస్ తన సైట్‌లో రాసి పెట్టింది. ఓపీటీ ఐ-20తో పాటు డీఎస్‌ఓ ఆఫీసులు సాధారణంగా పంపే మెయిల్‌లోనూ అది ఉంటుంది. పది నిమిషాలు కూర్చుని చదవాల్సింది. పక్క గదిలో అడిగి తెలుసుకునే విషయం కాదు ఇది.

ఇక అప్పీలు. ఐ-765 తిరస్కరణ మీద అప్పీలు లేదు. ఉన్నది ఐ-290బి ఫారంతో వేసే మోషన్ (నిర్ణయాన్ని మళ్లీ పరిశీలించమని యూఎస్‌సీఐఎస్‌నే కోరే వినతి) ఒక్కటే. ఉత్తర్వు వచ్చిన 30 రోజుల్లో వేయాలి, ఫీజు 800 డాలర్లు. కొత్త వాస్తవాలైనా చూపాలి, అధికారి చట్టాన్ని తప్పుగా అన్వయించారనైనా చూపాలి. మీ దగ్గర రెండూ లేవు. జ్వరం, పరీక్షలు, తాకట్టులో ఉన్న పొలం - వీటిలో ఏదీ 36ను 30 చేయదు. మన కోర్టుల్లో లిమిటేషన్ యాక్ట్ సెక్షన్ 5 కింద తగిన కారణం చూపి ఆలస్యాన్ని మన్నించమని అడుగుతాం. అది అలవాటై ఇక్కడా కుదురుతుందనుకోకండి. ఈ 30 రోజుల నిబంధనకు అలాంటి వెసులుబాటు లేదు. పైగా మోషన్ పెండింగ్‌లో ఉన్నంత మాత్రాన పని చేసే హక్కు రాదు, డిసెంబర్ 13 నుంచి నడుస్తున్న 60 రోజులూ ఆగవు.

ఒక్క సందర్భంలో మాత్రం మోషన్‌కు బలం ఉంటుంది. మీ సిఫారసును డీఎస్‌ఓ ఏదైనా సవరణ కోసం రద్దు చేసి, తర్వాత మళ్లీ నమోదు చేసి ఉంటే 30 రోజులు ఆ కొత్త తేదీ నుంచి లెక్క. సెవిస్‌లో అసలు తేదీ ఏదో మీ డీఎస్‌ఓను మెయిల్‌లో అడగండి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఫోన్‌లో విన్నమాట సాక్ష్యం కాదు. అయినా దాని కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు.

ఎందుకంటే మీకున్న అసలు పరిష్కారం కొత్త దరఖాస్తు. డిసెంబర్ 13కు 60 రోజులు కలిపితే ఫిబ్రవరి 11. తిరస్కరణ వచ్చినా ఈ గడువు లోపల మళ్లీ వేసుకునే అవకాశం ఉంది. రేపు ఉదయమే డీఎస్‌ఓ ఆఫీసుకు వెళ్లండి. తిరస్కరణ ఉత్తర్వు చూపించి కొత్త సిఫారసు, కొత్త ఐ-20 అడగండి. పాత ఐ-20నే మళ్లీ జత చేశారో, ఈసారీ పోతుంది. ఓపీటీ ప్రారంభ తేదీని ఫిబ్రవరి 11 దాటకుండా పెట్టాలి. కొత్త ఐ-20 మీద సంతకం చేసి పాస్‌పోర్ట్, ఐ-94 (అమెరికాలోకి వచ్చిన రికార్డు), కొత్తగా తీయించిన ఫొటోతో కలిపి ఆన్‌లైన్‌లోనే వేయండి. కేటగిరీ దగ్గర చదువు పూర్తయ్యాక తీసుకునే ఓపీటీ ఎంచుకున్నారో లేదో రెండుసార్లు చూసుకోండి. 2024 ఏప్రిల్‌లో పెట్టిన రేటు ప్రకారం ఆన్‌లైన్ ఫీజు 470 డాలర్లు. పాత ఫీజు తిరిగి రాదు. పోస్టులో పంపితే మీరు పంపిన రోజు కాదు, వాళ్లకు అందిన రోజు లెక్క. ఇప్పుడు ఆ రిస్కు వద్దు. ఫిబ్రవరి 11 రాత్రి దాకా ఆగకుండా ఫిబ్రవరి 6 లోపలే వేసేయండి. రసీదు నోటీసును, దాని మీది తేదీని ఆ నిమిషమే సేవ్ చేసుకోండి. ప్రీమియం ప్రాసెసింగ్ కట్టుకుంటే నిర్ణయం త్వరగా వస్తుంది, గడువు మాత్రం పెరగదు.

అక్క పెళ్లికి వెళ్లకండి. ఇది చెప్పడం నాకూ కష్టంగానే ఉంది. ఆన్‌లైనే కదా, తెనాలి నుంచి వేద్దామనుకుంటారేమో. ఈ దరఖాస్తు అమెరికాలో ఉండగానే వేయాలి. కోర్సు ముగిశాక, దరఖాస్తు వేయకుండా దేశం దాటితే ఆ 60 రోజులు అక్కడితో ముగిసినట్టే. వేశాక వెళ్లినా, కార్డు లేకుండా తిరిగొచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టులో చిక్కులు రావచ్చు. పెళ్లికి ఎందుకు రాలేకపోతున్నారో చెప్పే వంకతోనైనా నాన్నగారికి ఈ రోజే నిజం చెప్పండి. ఫీజు డబ్బు కోసమైనా, ధైర్యం కోసమైనా ఇప్పుడు ఆయన తోడు మీకు కావాలి.

కన్సల్టెన్సీ మాట మాత్రం వినవద్దు. గట్టిగా చెబుతున్నాను. చేతికి ఈఏడీ కార్డు (అదే పని అనుమతి కార్డు) వచ్చి, దాని మీది ప్రారంభ తేదీ మొదలయ్యే వరకు ఒక్క రోజు పని చేసినా అది అనధికార ఉద్యోగం. దాంతో ఎఫ్-1 (విద్యార్థి) స్టేటస్ పోతుంది. పాత తేదీలతో పేరోల్ చూపడం అంతకంటే పెద్ద నేరం, తప్పుడు పత్రాలు సృష్టించడం. రేపు హెచ్-1బీకో గ్రీన్‌కార్డుకో వెళ్లినప్పుడు పే స్టబ్‌లు (జీతం స్లిప్పులు), డబ్ల్యూ-2లు (ఏడాది జీతం, పన్ను పత్రాలు), బ్యాంకు స్టేట్‌మెంట్లు అడగవచ్చు. కావాలని అబద్ధం చెప్పి ఇమిగ్రేషన్ ప్రయోజనం పొందాలని చూసినట్టు తేలితే అమెరికాలోకి జీవితకాల నిషేధం పడుతుంది. మినహాయింపు దొరకడం చాలా కష్టం. 2020 అక్టోబర్‌లో అమెరికా ఇమిగ్రేషన్ పోలీసులు ఓపీటీ మోసాల మీద దాడులు చేసి 15 మంది విద్యార్థులను అరెస్టు చేశారు. వాళ్లలో 11 మంది భారతీయులు. అసలు లేని కంపెనీల్లో పని చేస్తున్నామని చూపించారన్నది ఆరోపణ.

ఓపీటీలో 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదన్న భయం చూపి ఇలాంటి వాళ్లు పిల్లలను లాగుతారు. ఆ 90 రోజులు కార్డు మీది ప్రారంభ తేదీ నుంచి మొదలవుతాయి. మీకు ఇంకా మొదలే కాలేదు. కార్డు వచ్చాక జీతం ఉన్న ఉద్యోగం వెంటనే దొరక్కపోతే, కార్మిక చట్టాలకు లోబడి, మీ చదువుకు సంబంధించిన పనిలో వారానికి కనీసం 20 గంటలు వాలంటీరుగా చేసినా మొదటి ఏడాది ఓపీటీలో చెల్లుతుంది. ఏ పనిలో చేరినా 10 రోజుల్లో సెవిప్ పోర్టల్‌లో (ఓపీటీ విద్యార్థులు ఉద్యోగ వివరాలు ఇచ్చే ప్రభుత్వ సైట్) నమోదు చేసి, ఆఫర్ లెటర్, పని గంటల వివరాలు దాచుకోండి.

ఏ కారణం వల్లనైనా ఫిబ్రవరి 11 లోగా వేయలేని పరిస్థితి వస్తే, ఆ తేదీ లోపలే మీ సెవిస్ రికార్డును మరో యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ చేయించుకుని కొత్త కోర్సులో చేరవచ్చు. అదీ దాటితే దేశం విడిచి వెళ్లాలి. మొదటి రోజు నుంచే ఫుల్‌టైమ్ పని అని ప్రకటించే కాలేజీ వెంట పడవద్దు, 12 నెలలు ఫుల్‌టైమ్ సీపీటీ (చదువుతుండగానే కోర్సులో భాగంగా చేసే పని) చేస్తే ఆ స్థాయి డిగ్రీ మీద ఓపీటీ హక్కే పోతుంది. కొత్త దరఖాస్తు పంపే ముందు ఒక ఇమిగ్రేషన్ అటార్నీకి గంట ఫీజు ఇచ్చి చూపించండి. ఆయన పేరు ఆయనకు లైసెన్సు ఉన్న రాష్ట్ర బార్ జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోండి.