ఎక్స్‌రే బాగుందని ఊదే పరీక్ష మానుకోవద్దు

మీ అమ్మగారికి ఎక్స్‌రే క్లియర్‌గా వచ్చాక కూడా స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి ఊపిరి ఎంత, ఎంత వేగంగా వస్తుందో కొలిచే పరీక్ష) రాశారు, ఇది డబ్బుల కోసమేనా అని అడిగారు. కాదండీ, చేయించండి. ఆస్తమా ఉన్నా ఎక్స్‌రే చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. ఆ ఫిల్మ్ చూసే మా అమ్మకు మూడేళ్లపాటు దగ్గు సిరప్పులు, యాంటీబయాటిక్‌లు రాశారు. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

మాది తాడిపత్రి పక్కన పల్లె. చెనిక్కాయలు పీకే రోజులొస్తే చాలు, అమ్మ రాత్రి రెండింటికి లేచి మంచం మీద కూర్చుని దగ్గేది. చివరికి అనంతపురంలో ఒక డాక్టరు ఈ పరీక్ష రాశారు. ముక్కుకు క్లిప్పు, నోట్లో అట్ట గొట్టం. నలభై ఏళ్లు ఊదుగొట్టంతో పొయ్యి రాజేసిన మనిషి, అదే అలవాటుగా బుగ్గలు నింపుకుని ఫూ ఫూ అని ఊదింది. టెక్నీషియన్ అమ్మాయి విసుక్కోలేదు. "అట్ల కాదు పెద్దమ్మా, నిండుగా పీల్చి ఒక్కసారిగా వదలాల, అయిపోయిందనిపించినా ఆపొద్దు" అని తానే చేసి చూపించి, అమ్మ ఊదుతున్నంతసేపూ "ఇంకా, ఇంకా" అని గది దద్దరిల్లేలా అరిచింది. ఆరు సెకన్లు. అమ్మ మొహం కందిపోయింది, కళ్లలో నీళ్లు. ఐదారుసార్లు ఊదితే మూడు సరిగ్గా వచ్చాయి. మొదటి సెకనులో 1.2 లీటర్లు, మొత్తం 2 లీటర్లు, అంటే 60 శాతం. 70 కంటే తగ్గితే గాలి గొట్టాలు ఇరుకైనట్టే. గాలి గొట్టాల్ని తెరిచే సాల్బుటమాల్ మందు పీల్పించి పావుగంట ఆగి మళ్లీ ఊదిస్తే ఆ 1.2 కాస్తా 1.5 అయింది. 12 శాతం, 200 మిల్లీలీటర్లు రెండూ దాటి పెరిగితే ఆస్తమా అనడానికి గట్టి ఆధారం. అమ్మకు 300 మిల్లీలీటర్లు, అంటే 25 శాతం పెరిగింది.

మందు పీల్పించి మళ్లీ ఊదించే ఈ రెండో భాగం లేకుండా కాగితం చేతిలో పెడితే ఒప్పుకోకండి. ఊదించే మనిషికి ఓపిక లేకపోతే ఎంత ఖరీదైన మిషనైనా దండగే.

ఇప్పుడు ఇంట్లో పీక్ ఫ్లో మీటరు ఉంది, ఎంత వేగంగా ఊదగలరో చూపించే చిన్న పరికరం. బీపీ మిషన్ కొంటాం గానీ దీన్నెవరూ కొనరు, అదే నా బాధ. అమ్మ బాగున్నప్పుడు దాని మీద 300 (నిమిషానికి లీటర్ల లెక్క) ఊదుతుంది. పోయినేడు చెనిక్కాయ కట్టె వామి వేసిన మర్నాడు "నాకేం ఆయాసం లేదులే" అంటూనే 190 ఊదింది. డాక్టరు ముందే రాసిచ్చిన ప్రకారం మందు పెంచాం, ఆ రాత్రి నిద్రపోయింది. సగానికి, అంటే 150కి పడితే మాత్రం ఆగకుండా ఆస్పత్రికి పొమ్మన్నారు.

మా చిన్నాయన బండల పాలిష్ ఫ్యాక్టరీలో పాతికేళ్లుగా చేస్తున్నాడు, ఒక్కసారీ ఊదించలేదు. ఆ దుమ్ములో పనిచేసే ప్రతి మనిషికీ ఏడాదికోసారి ఎక్స్‌రేతోపాటు ఇదీ చేయాల్సిందే.

మీ అమ్మగారిని కడుపు నిండా తినిపించి తీసుకుపోకండి, బట్టలు వదులుగా ఉండాలి. ఇన్‌హేలర్ వాడుతుంటే ఎన్ని గంటల ముందు ఆపాలో అడగండి. ఈమధ్య కంటి ఆపరేషన్ జరిగినా, గుండెపోటు వచ్చినా ముందే చెప్పండి. రిపోర్టు నార్మల్ వచ్చినా ఆస్తమా లేదని అనుకోవద్దు, అది రోజుకో రకంగా ఉంటుంది. దగ్గు ఎక్కువగా ఉన్న రోజు మళ్లీ ఊదించమని అడగండి.